నేల చూడని చూపు

సర్కారు ఆఫీసులో అధికారి గది తలుపు పక్కన ఒక స్టూలు ఉంటుంది. దాని మీద కూర్చునే మనిషిని మా తాతల కాలంలో బిళ్ళబంట్రోతు అనేవారు. ఛాతీకి అడ్డంగా పట్టీ, పట్టీకి ఇత్తడి బిళ్ళ. మా నాన్నల కాలానికి ప్యూను అయ్యాడు. ఇప్పుడు అటెండరు. పేర్లు మారాయి గానీ స్టూలు అదే. వీపు ఆనడానికి ఏమీ ఉండదు, చేతులు పెట్టుకోవడానికి చోటుండదు. లోపల బెల్లు ఎప్పుడు మోగుతుందోనని దాని మీది మనిషి ఎప్పుడూ సగం లేచే ఉంటాడు.

మా మేనమామ విజయనగరంలో ఒక ఆఫీసులో అలాంటి స్టూలు మీద ఉద్యోగం మొదలుపెట్టి, అక్కడే రిటైరయ్యాడు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆయనకి అన్నం కేరేజీ పట్టుకెళ్ళేవాణ్ణి. అప్పుడు చూశాను, ఆయన టీ ఇచ్చే తీరు. గ్లాసు అడుగుభాగాన్ని కుడిచేతి వేళ్ళతో పట్టి, ఎడమచేతిని కుడి మోచేతికి ఆనించి, బల్ల మీద చప్పుడు కాకుండా దించేవాడు. కాగితాలకు కాస్త ఎడంగా, ఆఫీసరు చేతికి అందేలా. దించేటప్పుడు కళ్ళు గ్లాసు మీద ఉండేవి, దించాక నేల మీదికి పోయేవి. ఎదుటి ముఖం మీదికి ఒక్కసారీ పోగా చూడలేదు. ఇంట్లో గలగలా నవ్వే మనిషి, పండగకి తప్పెటగుళ్ళ పాట అందుకుంటే వీధి వీధంతా చుట్టూ చేరే మనిషి, ఆ గది గుమ్మం దాటగానే చూపు దించేసేవాడు.

2018 సెప్టెంబరులో ఆయన్ని తీసుకెళ్ళి ‘కేరాఫ్ కంచరపాలెం’ చూపించాను. బయటికొచ్చాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. విజయనగరం కోట దగ్గర టీ బడ్డీ ముందు ఆగి, గ్లాసు చేతిలోకి తీసుకుని, “ఆడు మేడంతోటి మాటాడినప్పుడు నేల సూడనేదురా అల్లుడూ” అన్నాడు.

ఆ సినిమా మీద తర్వాత ఎన్నో చదివాను. మావ మాటను మించిన రసవిమర్శ నాకు కనబడలేదు. ఇప్పుడు రాస్తున్నదంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

వెంకటేశ్ మహా రాసి తీసిన ఆ సినిమా 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. అమెరికాలో గుండె వైద్యురాలైన పరుచూరి ప్రవీణ నిర్మాత. అందులో సలీమా పాత్ర వేసింది కూడా ఆమే. తక్కిన నటుల్లో ఎక్కువమంది కంచరపాలెం వాళ్ళు, అంతకు ముందు కెమెరా ఎరగనివాళ్ళు. కంచరపాలెం విశాఖపట్నంలో ఒక పేట అయితే కావచ్చు, శ్రీకాకుళం విజయనగరం వాళ్ళకి అది పరాయి ఊరు కాదు. టెక్కలి నుంచీ పాలకొండ నుంచీ బొబ్బిలి నుంచీ పని వెతుక్కుంటూ రైలెక్కినవాళ్ళు దిగి, చుట్టాల గదిలో నాలుగు రోజులుండి, తర్వాత తమ గది తాము చూసుకున్న పేటలు అవి. ‘ఏటి’, ‘నేదు’, ‘ఎల్తాను’ అనే మాటలు తెర మీద వెక్కిరింత లేకుండా వినబడినప్పుడు థియేటర్లో మా వరసలో ఒక నిట్టూర్పు వినిపించింది. అంతకు ముందు ఆ యాస మాట్లాడితే జనం నవ్వాలని సినిమాలు నేర్పాయి. ఇక్కడ అదే యాసలో ఒక మనిషి తన గుండె విప్పుతున్నాడు, ఎవరూ నవ్వడం లేదు.

ఆ మనిషి పేరు రాజు. వయసు 49. ప్రభుత్వాఫీసులో అటెండరు. పెళ్ళి కాలేదు. అతని కులమేదో ఊరికి తెలీదు, అతనికి పట్టదు. ఆ ఆఫీసుకు ఒడిశా నుంచి రాధ అనే అధికారిణి బదిలీ మీద వస్తుంది. ఆమెకు 42. భర్త పోయాడు, ఎదిగిన కూతురుంది. వీళ్ళిద్దరి మధ్య పుట్టిన స్నేహం ప్రేమగా ఎలా పండిందన్నదే సినిమాకు వెన్నెముక. రాజుగా సుబ్బారావు, రాధగా రాధా బెస్సీ. వీళ్ళని నటులనడానికి నాకు నోరు రాదు. మన వీధిలో ఎదురైతే పలకరించే మనుషుల్లా ఉంటారు.

తెలుగులో ఆఫీసు ప్రేమ అనగానే తలపుకొచ్చేది యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’. 1960లలో వచ్చిన నవల. రాజశేఖరం యజమాని, జయంతి అతని దగ్గర సెక్రటరీ. ఉద్యోగానికి బయల్దేరిన మొదటి తరం ఆడపిల్లలకు ఆ జయంతి ఆత్మాభిమానం ఎంత ధైర్యమిచ్చిందో మా అమ్మ వయసు వాళ్ళని అడిగితే చెబుతారు. 1976లో రామానాయుడు తన సురేష్ ప్రొడక్షన్స్ మీద దాన్ని సినిమాగా తీశారు, అక్కినేనీ వాణిశ్రీలతో. ఆ నవల మీద నాకు ప్రేమే ఉంది. అయితే అందులో బల్లకు అవతల కుర్చీలో కూర్చున్నది మగవాడు, కారూ మేడా ఉన్నవాడు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో కథలు అదే బల్లను అటూ ఇటూ జరిపాయే గానీ కుర్చీలు మార్చలేదు. నలభై రెండేళ్ళ తర్వాత, అదే సురేష్ ప్రొడక్షన్స్ సంస్థ, రామానాయుడి మనవడు రానా సమర్పణలో జనం ముందుకు తెచ్చిన ఈ సినిమాలో కుర్చీలో ఆమె ఉంది. అతనికి కుర్చీయే లేదు, స్టూలుంది.

ఇది వట్టి తారుమారు అయివుంటే నేనింత రాయను. మన అలంకార శాస్త్రం ముందు నిలబెట్టి చూస్తేనే దీని సాహసం తెలుస్తుంది. శృంగారం ఉత్తమ ప్రకృతి గల యువతీయువకులకు చెందినదని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. రుతువులూ పూలమాలలూ నగలూ మంచి భవనాలూ ఉద్యానవనాలూ దానికి విభావాలు, అంటే దాన్ని పుట్టించే కారణాలు. అధమపాత్రల్లో రతి కనబడితే అది రసం కాదు, రసాభాసం అని విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో లెక్కకట్టాడు. ఆభాసమంటే ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవడం లాంటిది. మెరుపు ఉంటుంది, లోహం ఉండదు. వేశ్యకు నాయికగా చోటిచ్చిన లాక్షణికులు సేవకుణ్ణి నాయకుణ్ణి చేయలేదు. సంస్కృత నాటకంలో వాడు చేటుడు. నాయకుడి ప్రేమలేఖ మోస్తాడు, నాయిక వచ్చే దారి చూస్తాడు, తలుపు దగ్గర నిలబడతాడు. లోపల జరిగే ప్రేమ వాడిది కాదు.

ఆ విశ్వనాథుడు ఎవరో కాదు, 14వ శతాబ్దపు కళింగం వాడు. గాంగరాజులు శ్రీకాకుళం దగ్గరి ముఖలింగం నుంచి కటకానికి రాజధాని మార్చుకున్న ఆ కళింగం. ఆ నేల మీది నుంచే రాధ బదిలీ కాగితం పట్టుకుని మా కంచరపాలెం వచ్చింది. దర్శకుడు ఇదంతా అనుకుని చేశాడని నేననను. కథకు నేల కలిసి వచ్చింది. కళింగం లెక్కను కళింగమే దిద్దుకున్నట్టు నాకు తోస్తుంది, తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

నలభై తొమ్మిదీ నలభై రెండూ. యువ అన్న మాట పోయింది. అటెండరు, ఉత్తమ అన్న మాటా పోయింది. ఉద్యానవనం లేదు, ఫైళ్ళున్నాయి. అయినా రసం పండింది. ఎలా పండింది? ఇక్కడే మావ మాట దగ్గరికి రావాలి. ప్రేమను ఎదుటివాళ్ళకు తెలియజేసే చూపునీ నవ్వునీ కదలికనీ లాక్షణికులు అనుభావాలన్నారు. రాజు ప్రేమకు అనుభావం ఒక్కటే, అతను ఆమెను మనిషిని చూసినట్టు చూస్తాడు. ఆ చూపులో ఆకలి లేదు, బెరుకు లేదు, ‘మీరు పెద్దవాళ్ళు’ అన్న వంపు లేదు. పని పనిగా చేస్తాడు. ఆమె అధికారాన్ని అతను తగ్గించడు, తన స్టూలును తాను తగ్గించుకోడు. రాధ మొదట స్పందించింది దేనికో నేను మూడుసార్లు చూశాక గాని గ్రహించలేదు. అంతవరకూ ఆమెను ఆఫీసులో అందరూ మేడంగా, ఇంట్లో అందరూ అమ్మగా, చెల్లిగా, భర్త పోయిన మనిషిగా చూశారు. ఇతనొక్కడే రాధను చూశాడు. ఔచిత్యమే రసానికి ప్రాణమన్నాడు క్షేమేంద్రుడు. ఈ ఇద్దరి మధ్య మాట ఎక్కడా మోతాదు మించదు. నోటితో ప్రేమ అనేలోపే ప్రేక్షకుడికి అది తెలిసిపోతుంది, ఆ తర్వాత ఆ మాట అన్నా అనకపోయినా ఒకటే.

పని చేసే చోట ప్రేమ పుట్టడం మా నేలకు కొత్త కాదు. వరి ఊడ్పులను మేం ఉభాలంటాం. శ్రావణం వానల్లో మగవాళ్ళు ఆకుమడిలో నారు తీసి, కట్టలు కట్టి, దమ్ము చేసిన మళ్ళోకి విసురుతారు. ఆడవాళ్ళు వరసగా నడుం వంచి, వెనక్కి జరుగుతూ నాటుతారు. ఆ పనిలో కళ్ళు బురద మీదే ఉండాలి, లేకపోతే మునుం వంకరపోతుంది. కట్ట ఎవరు విసిరారో, ఎవరి పక్కన పడేలా విసిరారో, నీళ్ళు చింది ఎవరి చెంప తడిసిందో తల ఎత్తకుండానే వరసంతటికీ తెలుస్తుంది. అప్పుడొకామె బావా మరదళ్ళ పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. నడుం వంచిన మనిషి నేల చూస్తుంది, పాట మాత్రం తలెత్తి చూస్తుంది. కూలీ మనిషికి శృంగారం ఆభాసమని ఆ మడిలో ఎవరూ అనుకోలేదు. నెల్లిమర్ల జనపనార మిల్లు షిఫ్టు విడిచే వేళ, పలాస జీడిపప్పు కార్ఖానాల్లో పిక్కలు కొట్టే వరసల్లో ఎన్ని ఇలాంటి చూపులు పుట్టి, పెళ్ళయ్యో కాకుండానో పోయాయో. పాట వాటిని పట్టుకుంది. కథా సినిమా ఆలస్యంగా పట్టుకున్నాయి.

సినిమాలో ఉన్నది ఒక ప్రేమ కాదు, నాలుగు. బడిలో సుందరం, సునీత. వ్యాయామశాలలో పనిచేసే జోసెఫ్, బ్రాహ్మణ పిల్ల భార్గవి. వైన్ షాపులో పనిచేసే గడ్డం, అక్కడికి వచ్చే సలీమా. ఆఫీసులో రాజు, రాధ. జోసెఫ్ భార్గవిల కథలో తెలిసిన దారులే ఎక్కువ, దాని మీద నేను ఆగను. సుందరం సునీతల కథ చిట్టి ముచ్చట, దాని వెనకున్న విషాదం తర్వాత గాని గుచ్చుకోదు. గడ్డం సలీమాల దగ్గర మాత్రం ఆగాలి.

అదీ పనిచోటి ప్రేమే. మధ్యలో వైన్ షాపు కౌంటరు. ఆమె రోజూ వచ్చి సీసా కొనుక్కుని వెళ్తుంది. ముఖం కప్పుకుని ఉంటుంది, కళ్ళు తప్ప ఏమీ కనబడవు. అతను ఆ కళ్ళను ప్రేమిస్తాడు. నాయికను ఆపాదమస్తకం వర్ణించే ప్రబంధ సంప్రదాయం మనది. ఇక్కడ నాయికకు దర్శకుడు మిగిల్చింది రెండు కళ్ళే. ఆ ఇరుకులో ఎంత చోటు దొరికిందో చూడండి. డబ్బు ఇవ్వడం, సీసా తీసుకోవడం, ఇంతకు మించి రెండు చేతులకూ పని లేదు. కాబట్టి భారమంతా చూపు మోయాల్సి వచ్చింది, మోసింది. ఆమె బతుకుతెరువేమిటో తెలిశాక కూడా అతని చూపు దిగలేదు. ఆ కథ ఎక్కడ తెగుతుందో తలచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

సలీమాను చూసినప్పుడల్లా నాకు మధురవాణి గుర్తొస్తుంది. 1892లో విజయనగరంలోనే మొదటిసారి రంగం ఎక్కిన గురజాడ ‘కన్యాశుల్కం’. దాని చివర వేశ్య మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వస్తుంది. పని మీద వచ్చింది. కేసుకు కావలసిన సంగతి తన దగ్గరుంది, దానికి ఫీజుగా ముద్దు అడిగింది. తీరా ఆయన మాట నిలబెట్టుకోవడానికి సిద్ధపడితే, ఆ ముద్దు పుచ్చుకోకుండా వదిలేసింది. తనకు దక్కేదాన్ని ఎదుటి మనిషి వ్రతం కోసం విడిచిన ఆ క్షణంలో ఆమెను మించిన ఉత్తమ ప్రకృతి ఆ నాటకంలో ఇంకెవరున్నారు? ఎవరు ఉత్తములో పుట్టుకా వృత్తీ చెప్పలేవని గురజాడ మా ఊళ్ళో కూర్చుని తేల్చేశాడు. ఆ నాటకం మొదలయ్యే బొంకుల దిబ్బ నుంచి కంచరపాలెం దాకా దారి ఒకటే, మధ్యలో నూట పాతికేళ్ళు.

ఇక్కడ సినిమా గుట్టు విప్పక తప్పదు. చూడనివాళ్ళు ఒక్క పేరా దాటేసి, చూశాక మళ్ళీ ఇక్కడికి రండి.

సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు, నలుగురూ ఒక్కడే. ఒకే మనిషి నాలుగు వయసుల్లో, నాలుగు పేర్లతో. రెండున్నర గంటలు మనం పక్కపక్కన పెట్టి చూసిన నాలుగు కథలు నిజానికి ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. రాజు తన గతమంతా రాధకు చెబుతున్నప్పుడు ఇది తెలుస్తుంది. దీన్ని చమత్కారం అని మెచ్చుకుని వదిలేసినవాళ్ళున్నారు. నాకది రససూత్రానికి తెర మీద దొరికిన ఉదాహరణ. వచ్చిపోయే భావాలను సంచారులన్నారు, నిలిచి ఉండేదాన్ని స్థాయి అన్నారు. ఆశ, అసూయ, కోపం, దైన్యం, నిర్వేదం అన్నీ ఆ నలుగురిలోంచి వచ్చిపోయాయి. దేవుడి మీద నమ్మకం పోయింది, పేర్లు పోయాయి, మతాలు మారాయి. ప్రేమించే గుణం ఒక్కటి చెక్కుచెదరకుండా నలభై తొమ్మిదేళ్ళ దాకా నడిచి వచ్చి, ఒక ఆఫీసు తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంది. అప్పుడు వెనక్కి చూస్తే రాజు చూపు ఎందుకు నేల మీదికి పోలేదో అర్థమవుతుంది. మూడుసార్లు సర్వం పోగొట్టుకున్న మనిషికి ఆఫీసరు బల్ల ఏం భయం పెడుతుంది? అతని నిబ్బరం పుట్టుకతో వచ్చింది కాదు, దుఃఖంలో కాగి వచ్చింది. స్వీకార్ అగస్తి సంగీతంలో ‘ఆశా పాశం’ పాట నడిచేటప్పుడు నాలుగు కథల బాధా ఒకే పాటలోకి ఎందుకు ఒదిగిందో కూడా రెండోసారి చూసినప్పుడు తెలుస్తుంది. మొదటిసారి ఏడ్చింది నలుగురి కోసం. రెండోసారి ఏడుపు ఒక్కడి కోసం, అది ఎక్కువ బరువు.

రాధ పక్షాన ఒక మాట. ఈ సినిమాను మెచ్చుకునేవాళ్ళు రాజును మెచ్చుకుని ఆగిపోతుంటారు. నా లెక్కలో రాధది అంతకన్నా కష్టమైన నడక. అతనికి పోవడానికి ఏమీ లేదు. ఆమెకు హోదా ఉంది, కూతురి భవిష్యత్తు ఉంది, పుట్టింటి గౌరవం అనే పెద్ద మూట ఉంది. ఇంట్లోంచి వ్యతిరేకత వస్తుందని ఆమెకు ముందే తెలుసు, వచ్చింది కూడా. భర్త పోయిన ఆడమనిషి ఉద్యోగం చేస్తే లోకం హర్షిస్తుంది, పిల్లను చదివిస్తే హర్షిస్తుంది, తన కోసం ఒక మనిషిని ఎంచుకుంటే మాత్రం ముఖం తిప్పుకుంటుంది. ఎంచుకున్నది తన కింద పనిచేసే అటెండరునైతే ఇక చెప్పనక్కర్లేదు. అధికారి కుర్చీలోంచి లేచి, స్టూలున్న వైపు నడిచి రావడానికి గది కొలత నాలుగడుగులే. ఆ నాలుగడుగులు మన సమాజంలో ఎంత దూరమో రాధా బెస్సీ ముఖం చూస్తే తెలుస్తుంది. ఏడుపు లేదు, ఉపన్యాసం లేదు. తేల్చుకున్న మనిషి ముఖంలో ఉండే నెమ్మది ఉంది.

ఆ సినిమా న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు ఎంపికైంది, పెద్దవాళ్ళెందరో మెచ్చుకున్నారు. అవన్నీ నాకు సంతోషమే. నా మటుకు నాకు మాత్రం దాని విజయం కోట దగ్గర టీ బడ్డీ ముందు జరిగింది. మావ ఆ మాట అన్నాక టీ తాగి గ్లాసు బడ్డీవాడికి ఇచ్చాడు. ఒంటిచేత్తో, అతని ముఖం చూసి నవ్వుతూ ఇచ్చాడు. ఆ రోజు నేను ఆయన్ని ఒక ప్రశ్న అడగాల్సింది, నువ్వెవర్నైనా అలా చూశావా మావా అని. అడగలేదు. మాకు అలాంటి ప్రశ్నలు ఒకరినొకరు అడిగే అలవాటు లేదు.

శ్రీకాకుళంలో కా.రా. మాస్టారు 1997లో కట్టించిన కథానిలయం ఉంది. ‘యజ్ఞం’ రాసిన మనిషి, తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక చోట ఉండాలని పూనుకుని కట్టిన ఇల్లు అది. మాస్టారు 2021లో వెళ్ళిపోయారు, ఇల్లు నిలిచి ఉంది. మా జిల్లాల రైతు కథలు, కూలీ కథలు, పోరాటాల కథలు అక్కడ బోలెడన్ని దొరుకుతాయి. తలుపు పక్క స్టూలు మీది మనిషి ప్రేమకథ నాకు మరీ అరుదుగా కనబడింది. ఆఫీసుల్లో పనిచేసే మిత్రులారా, మీ గుమ్మం ముందు కూర్చున్న ఆయన్ని ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. చెబితే రాయండి. దాచుకోవడానికి శ్రీకాకుళంలో చోటుంది.